చెక్క అలవాటు పడేదాకా

చెక్క దిగిన రోజు నాకు అన్నం సహించలేదు. నేను బడి నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నానో లేదో, జగ్గయ్యపేట నుంచి మావాడు ఫోన్ చేశాడు. లారీ వచ్చిందని, దగ్గరుండి దింపిస్తున్నానని, నువ్వు కూడా ఉంటే బాగుండేదని అన్నాడు. చాలా సంతోషం అన్నాను. ఫోన్ పెట్టేసి కంచం పక్కకు జరిపాను. దోసకాయ పప్పులో ఉప్పు ఎక్కువైందేమోనని మా ఆవిడ వేలితో అద్దుకుని రుచి చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. నాకే కడుపు మండుతోంది.

మావాడంటే నా డబుల్స్ పార్ట్‌నర్. షటిల్ ఆడేవాళ్ళకు ఈ మాట చాలు. ఆడని వాళ్ళకు కొంచెం విడమరిచి చెప్పాలి. మా నాన్న వీరులపాడు వైపు పొలాల్లో కూలికి వెళ్ళేవాడు. వాళ్ళ నాన్నకు జగ్గయ్యపేటలో లారీలు ఉండేవి. కాలేజీ వెనక సిమెంటు కోర్టు లేకపోతే మేమిద్దరం ఒకరికొకరం తెలిసే అవకాశమే లేదు. ఆ కోర్టులో నెట్టుకు ఇవతల ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. తర్వాత నాకు నందిగామ హైస్కూల్లో పీఈటీ ఉద్యోగం వచ్చింది. వాడు లారీలు చూసుకుంటూ ముక్త్యాల నుంచి సిమెంటు తోలుకుంటున్నాడు. అయినా ఆట మానలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే నేను బండెక్కేవాణ్ణి. మా ఆవిడ ఇంకా వాకిట్లో అందరికీ వందనాలు చెబుతుండగానే నేను చిల్లకల్లు దాటేవాణ్ణి.

సిమెంటు మీద ఆడితే మోకాళ్ళు అరిగిపోతాయి. నాది ఎడమ మోకాలు ముందు పోయింది. వాడికి ఏమీ కాలేదు, దేవుడు అక్కడ కూడా వాడి పక్షమే. టోర్నమెంట్లు అయ్యాక గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దాబాలో కూర్చుని టీ తాగుతూ, ఎప్పటికైనా మనం ఒక చెక్క కోర్టు కట్టాలిరా అనుకునేవాళ్ళం. ఇద్దరం అనేవాళ్ళం. 'మనం' అని మొదలైన మాట, వాడి చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి 'నేను' అయింది. లారీల షెడ్డు పక్కన స్థలంలో ఎత్తయిన రేకుల హాలు లేపాడు. నన్ను అడగలేదు. అడిగినా నా దగ్గర ఇవ్వడానికి ఏముందనుకోండి. అయినా అడగాల్సింది.

ఆ ఆదివారం వెళ్ళి చూశాను. లేత తేనె రంగు చెక్కలు, పొడుగ్గా, నున్నగా. చెయ్యి వేస్తే తియ్యబుద్ధి కాలేదు. అమ్మిన కంపెనీ మనిషి బెంగుళూరు నుంచి వచ్చి ఉన్నాడు. ఓడలో వచ్చిన సరుకని, రేవు దగ్గర గోడౌన్లో ఉన్నన్నాళ్ళూ సముద్రపు తేమ పట్టుకుని ఉందని, ఈ మెట్ట ప్రాంతపు పొడిగాలికి తెచ్చీ తేగానే బిగించేస్తే ఎండి కుంచించుకుపోతుందని వివరంగా చెప్పాడు. అందుకని ప్లాస్టిక్ కవర్లు విప్పేసి, వరసకీ వరసకీ మధ్య సన్నటి పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్పించాడు. రెండు మూడు వారాలు ఇవి ఇలాగే ఉండాలన్నాడు. ఆడేటప్పుడు ఏ కిటికీలు తెరుస్తారో అవే తెరవమన్నాడు. చెక్క ఇక్కడి గాలికి అలవాటు పడితే, మీటరు పెట్టి తేమ చూసుకుని, అప్పుడు బిగిద్దామన్నాడు.

"మీరు దీన్ని ఏమీ చెయ్యకండి సార్. ఏమీ చెయ్యకుండా ఉండటమే పని" అని మావాడికి మరీమరీ చెప్పి బస్సెక్కాడు.

నాకు ఆ చెక్కల మీద కూడా కుళ్ళు పుట్టింది. నాకు నందిగామలో ఉద్యోగం వచ్చినప్పుడు ఎవరూ నన్ను అలవాటు పడనివ్వలేదు. పొద్దున చేరితే సాయంత్రానికి ఎండలో నిలబెట్టి డ్రిల్లు చేయించారు. అద్దె ఇంట్లో నాపరాళ్ళ మీద చాప పరుచుకుని పడుకున్నాను. ఈ చెక్కలకేమో ఎత్తయిన హాలు, నాలుగు వైపులా గాలి, ఎవరూ తొక్కకుండా కాపలా. ఈ మాట అంటే మా ఆవిడ, మీరు కూడా వెళ్ళి వాటి పక్కన పడుకోండి, మిమ్మల్నీ బిగిస్తారు అంది.

హాలు గుమ్మానికి పెద్ద బూడిద గుమ్మడికాయ కట్టించాడు మావాడు. మాకు అలాంటి నమ్మకాలు లేవు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కూర తరుగుతూ తలెత్తకుండానే, "మనకి దిష్టి లేకపోవచ్చు గానీ, మీ కళ్ళకి ఉంది" అంది. ఆ గుమ్మడికాయ నా కోసమే కట్టాడని నాకు అప్పటిదాకా తోచలేదు. తర్వాత వెళ్ళిన ప్రతిసారీ దాన్ని చూడకుండా తల వంచుకుని లోపలికి వెళ్ళేవాణ్ణి.

అసలు దెబ్బ ఆ తర్వాతి వారం తగిలింది. చెక్కల దొంతి పక్కన నిలబడి, లారీ టైర్ల గురించి మాట్లాడినంత మామూలుగా చెప్పాడు.

"ఉగాది రోజు ఓపెనింగ్ పెట్టాన్రా. మొదటి ఆట నేనూ డాక్టర్ గారూ ఆడతన్నాం. నీ మోకాలితో నువ్వెట్టాగూ ఇబ్బంది పడతావు."

ఆ డాక్టరు పిల్లల డాక్టరు. కొత్తగా పేటలో ఆసుపత్రి పెట్టాడు. మా కంటే చాలా చిన్నవాడు, ఎడమచేతి వాటం, సన్నగా చురుగ్గా ఉంటాడు. నాకు బడిలో పరీక్షల పని పడి కొన్ని ఆదివారాలు రాలేకపోయినప్పుడు మావాడి పక్కన నిలబడటం మొదలుపెట్టాడు. తర్వాత పరీక్షలు అయిపోయాయి, ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు. మంచివాడు కూడా. అదే నాకు మరీ ఒళ్ళుమంట. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

మావాడితో సరే అన్నాను. దారంతా బండి మీద నాలో నేను మాట్లాడుకుంటూ వచ్చాను. నాకు కోర్టు వద్దు, హాలు వద్దు. ఆ చెక్క మీద మొదటి ఆటలో వాడి పక్కన నేను నిలబడాలి. నాకు కావలసింది అంతే. ఇంతకాలం సిమెంటు మీద మోకాలు అరగదీసుకున్నది నేను.

మానేద్దామనుకుంటూనే మళ్ళీ వెళ్ళాను. ఈసారి గుమ్మంలో అడుగు పెట్టగానే చల్లగా తగిలింది. బయట ఎండ మాడుస్తోంది, లోపల మంచుపెట్టెలో ఉన్నట్టుంది. చూస్తే చెక్కల దొంతుల మీద తడి గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. రెండు వైపులా రెండు పెద్ద కూలర్లు నీళ్ళతో తడిసిన గాలి కొడుతున్నాయి. కింద గచ్చు మీద పైపుతో నీళ్ళు కొట్టిన తడి ఆరలేదు. మావాడు మధ్యలో నిలబడి తృప్తిగా చూసుకుంటున్నాడు. ఎండలు ముదురుతున్నాయని, చెక్క ఎక్కడ పగులుతుందోనని పొద్దునా సాయంత్రం తడిపిస్తున్నానని చెప్పాడు.

మా వైపు ఎవరైనా ఇదే చేస్తారు. సిమెంటు మీద బతికే ఊళ్ళు మావి. స్లాబు పోస్తే నీళ్ళు కట్టాలి, గోడ కడితే తడపాలి, స్తంభానికి గోనె చుట్టి తడి ఆరకుండా చూడాలి. కొత్తది ఏదైనా సరే నీళ్ళు తాగితేనే గట్టిపడుతుందని మా వాళ్ళకు పుట్టుకతో తెలిసిన సంగతి. ఏమీ చెయ్యకుండా ఉండటం మాత్రం ఎవరికీ చేతకాదు. ఖర్చు పెట్టి తెచ్చిన వస్తువును ఊరికే వదిలేస్తే దానికి ఏదో లోటు చేసినట్టు ఉంటుంది.

నాకు తెలుసు కాబట్టి చెప్పాను. నేనేమీ చెక్క పని నేర్చినవాణ్ణి కాదు. బడిలో క్యారమ్ బోర్డుల సంగతి తెలిసినవాణ్ణి. వానాకాలంలో చెమ్మ గోడకు ఆనించిన బోర్డు ఉబ్బి వంకర తిరుగుతుంది. తర్వాత ఎండలో పెడితే మూలల్లో అతుకులు విడుస్తాయి. అలా ఎన్ని బోర్డులు పోగొట్టుకుని హెడ్మాస్టరు చేత అక్షింతలు వేయించుకున్నానో నాకే తెలుసు. ఇది ఇప్పుడు నీళ్ళు తాగి లావెక్కుతుందిరా, అలా లావుగా ఉండగా బిగిస్తే మే నెలలో ఎండి సందులు పడతాయి, గోనెలు తీసేసి ఇంకొన్నాళ్ళు ఆగు అన్నాను.

డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు, ఆసుపత్రికి వెళ్తూ ఆగాడట. మావాడు ఆయన వైపు చూసి నవ్వి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకు ఏడుపురా. మొదటి ఆటలో నువ్వు లేవని ఉగాది దాటించాలని చూస్తన్నావు."

డాక్టరు మర్యాదగా ఫోన్లోకి తల దించుకున్నాడు. ఏడుపు ఉన్న మాట నిజం. చెక్క ఉబ్బుతుందన్న మాటా నిజం. రెండూ నా నోటి నుంచే వచ్చాయి కాబట్టి రెండోది చెల్లలేదు. నా స్థానంలో ఇంకెవరు చెప్పినా వినేవాడేమో. నా గురించి నా కంటే ఎక్కువ తెలిసినవాడు కదా, అందుకే వినలేదు.

బిగించడానికి వచ్చిన పనివాళ్ళు మీటరు గుచ్చి చూసి పెదవి విరిచారట. తేమ ఎక్కువగా ఉంది, ఆరనిద్దాం అన్నారట. ఇది ఆరేదాకా ఉగాది ఆగుతుందా అన్నాడట మావాడు. కార్డులు పంచేశాడు, ఊళ్ళో పెద్దలను పిలిచేశాడు. పనివాళ్ళు ఏం చేస్తారు, బిగించేశారు.

ఉగాది రోజు నేను తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాను. చేతిలో పచ్చడి పెట్టారు, తిన్నాను. అందులో చేదు నాకొక్కడికే ఎక్కువ వేసినట్టు అనిపించింది. ప్లాస్టిక్ కుర్చీలో మొదటి వరసలో కూర్చోబెట్టారు. చెక్క మీద బూట్లు కిర్రుమనే చప్పుడు, దూకి దిగితే కింద నుంచి వచ్చే ఆ మెత్తటి బోలు శబ్దం, అవి విన్నప్పుడు నాకు నోట్లో నీళ్ళూరాయి. డాక్టరు బాగా ఆడాడు. బాగా ఆడకూడదని ఎంత కోరుకున్నానో అంత బాగా ఆడాడు. గెలిచారు. నేను చప్పట్లు కొట్టాను. పక్కన కూర్చున్నాయన, మీరే కదండీ వీరి పాత పార్ట్‌నర్ అన్నాడు. పాత అన్న మాట ఇంటిదాకా నాతో వచ్చింది.

ఆ తర్వాత నేను పేట వైపు పోలేదు. నందిగామలోనే బడి పిల్లలతో మట్టి గ్రౌండులో ఆడుకున్నాను. ఆదివారాలు చర్చి అయ్యాక వాకిట్లో నిలబడి అందరికీ వందనాలు చెప్పడం నేర్చుకున్నాను. మా ఆవిడకు అదీ ఇబ్బందే, ఎప్పుడూ లేనిది ఈయనకేమైందని అందరూ అడుగుతున్నారట.

మే నెల వడగాలుల్లో ఫోన్ వచ్చింది. ఒకసారి రా అన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. వెళ్ళేసరికి హాల్లో ఒక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చెక్కకీ చెక్కకీ మధ్య సందులు విడిచాయి. కొన్నింటిలో రూపాయి బిళ్ళ నిలబడుతుంది. షటిల్ ఈకల ముక్కలు వాటిలో ఇరుక్కుని ఉన్నాయి. నడిస్తే ఒక చోట టక్కుమంటోంది, ఇంకో చోట ఊగుతోంది. ఎవరి కాలో మడతపడిందని ఆట ఆపేశారు.

నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, పండగలా ఉంది నాకు. కానీ వాడు ఒక సందులో బొటనవేలి గోరు పెట్టి, దాని వెంట అటు చివరిదాకా మోకాళ్ళ మీదే వెళ్ళాడు. అది చూశాక సంతోషం నిలబడలేదు. దాని చోట మళ్ళీ పాత కుళ్ళే వచ్చి కూర్చుంది. పాడైపోవడానికైనా వాడికి ఒక కోర్టు ఉంది. నాకు పాడుచేసుకోవడానికి కూడా ఏమీ లేదు.

"నువ్వు చెప్పావురా. ఏడుపనుకున్నా" అన్నాడు కిందికి చూస్తూనే.

"ఏడుపే. క్యారమ్ బోర్డు సంగతి కూడా నిజమే" అన్నాను.

నవ్వాడు. నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం గరికపాడు వెళ్ళి టీ తాగాం. చెక్కలు ఊడదీసి, పనికొచ్చేవి ఉంచి, తక్కినవి కొత్తవి తెప్పించి, మళ్ళీ మొదటి నుంచి చేస్తానన్నాడు. ఎలాగూ నీకు వేసవి సెలవులే కదా, ఈసారి నువ్వు కాపలా ఉండు, నన్ను కూడా దగ్గరికి రానివ్వకు అని హాలు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. మొదటి ఆట మనిద్దరిదే అన్నాడు. ఆ మాట వాడే అన్నాడు, నేను అడగలేదు.

ఆ సెలవుల్లో నేను రోజూ వెళ్ళాను. పొద్దున్నే తాళం తీసి, ఆ బెంగుళూరు మనిషి చెప్పిన కిటికీలు తెరిచి, కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. చెక్కల మధ్య పుల్లలు కదలకుండా చూసుకునేవాణ్ణి. ఇంకేమీ చేసేవాణ్ణి కాదు. బయట నిప్పులు కురుస్తున్నా కూలరు పెట్టనివ్వలేదు. ఒకసారి మావాడే నా కోసమని చిన్న కూలరు పంపిస్తే తిప్పి పంపాను. ఆ రోజుల్లో ఆ హాలు నాది. ఎవరైనా దొంతి మీద చెయ్యి ఆనిస్తే నాకు ఒళ్ళు మండేది. డాక్టరు ఒక సాయంత్రం వచ్చి ఎప్పుడు మొదలవుతుందండీ అని అడిగాడు. చెక్క ఇంకా అలవాటు పడలేదండి, మేము చెబుతాం అన్నాను. మేము అన్నప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. ఆయనేమో ఏమీ పట్టించుకోకుండా నా మోకాలు చూస్తానన్నాడు. కూర్చోబెట్టి, మడిచి, చాపి చూసి, చెక్క మీదైతే కాసేపు ఆడొచ్చండి, పట్టీ వేసుకోండి అన్నాడు. చెప్పాను కదా, మంచివాడు.

ఈసారి మీటరు గుచ్చి చూసి పనివాళ్ళు సరిపోయిందన్నారు. వానలు మొదలైతే చెక్క మళ్ళీ కొంచెం ఒళ్ళు చేస్తుందని గోడల వెంట ఖాళీ వదిలి బిగించారు. బడి తెరిచే లోపు పని అయిపోయింది. కార్డులు లేవు, పెద్దలు లేరు. ఒక సాయంత్రం మేము నలుగురమే. నెట్టుకు అటు డాక్టరు, ఆయన పక్కన ఒక బ్యాంకు ఉద్యోగి. ఇటు మావాడూ నేనూ.

మోకాలికి పట్టీ బిగించాను. కొత్త బూట్లు వేసుకున్నాను. చెక్క మీద అడుగు పెడితే మోకాలు నొప్పి అనలేదు. ఇంతకాలం వాడి మీద పెట్టుకున్న ఏడుపంతా ఆ ఒక్క అడుగుతో దిగిపోయినట్టు అనిపించింది. పక్కకు చూస్తే వాడు ఉన్నాడు, చొక్కా భుజం దగ్గర ఎప్పటిలాగే చెమటతో తడిసి.

మొదటి పాయింటే చాలాసేపు సాగింది. డాక్టరు మా ఇద్దరి మధ్యకు గట్టిగా కొట్టాడు. మధ్యలోకి వచ్చేది ఎప్పుడూ నాదే. కాలేజీ రోజుల నుంచి అంతే, వాడు చూడకుండానే వదిలేసేవాడు, నేను తీసేవాణ్ణి, దాని గురించి మేము ఏనాడూ మాట్లాడుకోనే లేదు. నేను వెళ్ళాను. వాడూ వచ్చాడు. ఎడమచేతి మనిషి పక్కన ఆడీ ఆడీ, మధ్యలోది తీసుకోవడం వాడికి ఇప్పుడు చేతికి వచ్చేసింది. రెండు రాకెట్లూ ఠక్కున కొట్టుకున్నాయి. షటిల్ మా కాళ్ళ దగ్గర పడింది.

వాడు వెంటనే చెయ్యి ఎత్తి, నా వైపు తిరిగి, "సారీ సార్" అన్నాడు.

కాలేజీ రోజుల నుంచి నన్ను ఏరా అని తప్ప ఇంకోలా పిలవని మనిషి. డాక్టర్ని అలా అంటాడు, ప్రతి తప్పుకీ, ఆ ఉగాది రోజు ఆటంతా విన్నాను. ఏమన్నాడో వాడికి తెలియలేదు. రాకెట్టు తీగలు సరిచేసుకుంటూ తన చోటికి వెళ్ళిపోతున్నాడు. నెట్టుకు అవతల డాక్టరు విన్నాడు. తల దించుకుని బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

"పర్లేదండి" అన్నాను.

అప్పుడు వాడు ఆగి వెనక్కి తిరిగాడు. నేను షటిల్ తీసి అటు వైపు ఇచ్చేసి, వెళ్ళి నా చోట నిలబడ్డాను.